ఫ్లోరిన్ నీళ్ల ఊళ్లో పుచ్చుపళ్ల పిల్లలు: ఏ చికిత్స చేయించాలో తేల్చుకోవడం ఎలా?

నల్లగొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఇక్కడ దాన్నే ఫ్లోరిన్ అంటాం. అందుకే పిల్లల పళ్ల గురించి మాట మొదలైతే రెండో వాక్యంలో ఫ్లోరిన్ వచ్చి తీరుతుంది. పన్ను మీద ఏ మచ్చ కనిపించినా "ఫ్లోరిన్ నీళ్లమ్మా, ఏం చేస్తాం" అని వదిలేసేవాళ్లు కొందరు. పళ్ల డాక్టరు ఫ్లోరైడ్ పూత వేస్తానంటే "మర్రిగూడ వైపు మనుషుల నడుములు వంగింది దానివల్లే కదా, మళ్లీ అదే పూస్తారా" అని పిల్లను చంకనెత్తుకుని వచ్చేసేవాళ్లు మరికొందరు. నేను ఈ రెండు వేషాలూ వేశాను. మా చిన్నదానికి ఐదేళ్లు నిండేసరికి ఆరు పాలపళ్లు పుచ్చాయి. మొదటి రెండింటినీ ఫ్లోరిన్ మచ్చలనుకుని ఏడాది పోగొట్టుకున్నాను. ఆ తర్వాత ఒక క్లినిక్‌లో ఒకే కాగితం మీద ఎనిమిది పనులు రాసి చేతికిచ్చారు. ఏది ఎందుకో, ఏది ముందో తెలియక మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

అలాంటి కాగితాన్ని చదవడం ఎలాగో మెల్లగా నేర్చుకున్నాను. అదే ఇక్కడ వరుసగా చెబుతున్నాను. నేను డాక్టరును కాను. మీ పిల్లల నోరు చూసిన వారి మాటే చివరిది. అయితే వారి ముందు కూర్చునే సరికి మీ చేతిలో కొన్ని వివరాలు ఉండాలి.

1. పగటి వెలుగులో పెదవి ఎత్తి చూడండి

వాకిట్లో ఎండపొడ బాగా పడే చోట పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకోండి. శుభ్రమైన తడిగుడ్డ వేలికి చుట్టి ముందుపళ్లను తుడవండి. గార పోయాక గానీ అసలు పన్ను కనిపించదు. ఇప్పుడు పై పెదవి ఎత్తి, చిగురు పక్కన పన్ను మొదలయ్యే చోట చూడండి. అక్కడ సుద్దముక్కతో గీసినట్టు తెల్లని చార, మెరుపు లేకుండా కనిపిస్తే అది పుచ్చు మొదలైన గుర్తు. గుంట ఇంకా పడలేదు. ఈ దశలో పన్ను తిరిగి గట్టిపడగలదు. మేము ఏడాది పోగొట్టుకున్నది ఇక్కడే.

ఫ్లోరిన్ మచ్చ తీరు వేరు. అది పన్ను చిగురులోంచి బయటికి వచ్చేటప్పుడే దానితో వస్తుంది. కుడివైపు పన్ను మీద ఉంటే ఎడమవైపు దాని జోడీ మీదా ఉంటుంది. పన్ను అడ్డంగా సన్నని తెల్లగీతలో, మబ్బు పట్టినట్టో ఉండి, ఏళ్లు గడిచాక గోధుమరంగు ఎక్కుతుంది. పాలపళ్ల మీద తక్కువ, శాశ్వత దంతాల మీద ఎక్కువ. కాబట్టి మూడేళ్ల పిల్ల పై ముందుపళ్లకు చిగురు వెంట తెల్లచార వస్తే నీళ్లను నిందించే ముందు రాత్రి పాలసీసా సంగతి గుర్తు చేసుకోండి. రెండూ ఒకే నోట్లో ఉండే పిల్లలూ ఉన్నారు. ఫ్లోరిన్ మచ్చ ఉన్న పన్ను పుచ్చదన్న భరోసా ఏమీ లేదు. బాగా దెబ్బతిన్న ఎనామిల్, అంటే పన్ను పైపొర, గుల్లగా ఉండి త్వరగా పెచ్చులూడుతుంది కూడా.

వెనక దవడపళ్ల నమిలే గాడుల్లో నల్లని చుక్కలు, పళ్ల సందుల్లో అన్నం ఇరుక్కోవడం, తీపి తగిలితే మొహం చిట్లించడం కూడా రాసి పెట్టుకోండి. పళ్ల సందుల్లోని పుచ్చు కంటికి ఆనదు, ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది.

వాపు, చీముపొక్కు, జ్వరం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అక్కడ నివారణ దశ దాటిపోయింది.

2. ఏ పిల్ల ఏ నీళ్లు తాగిందో రాయండి

మా జిల్లావాళ్లకు ఇది మిగతా రాష్ట్రం కంటే ముఖ్యం. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతటా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. నాగపూర్‌లోని నీరి, అంటే జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, దాన్ని రూపొందించింది. ఊరి పేరు అలా మోగడం గర్వపడాల్సిన సంగతో కాదో మీరే అనుకోండి.

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు నీళ్ల చరిత్రలు ఉండొచ్చు. 2016లో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం మొదలయ్యాక ఒక్కో ఊరికి ఒక్కో సమయంలో నల్లా నీళ్లు చేరాయి. పెద్దవాడు బోరు నీళ్లతో పెరిగి, చిన్నది కృష్ణా నీళ్లతో పెరిగి ఉండొచ్చు. ఆ మధ్యలో ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు తాగి ఉండొచ్చు. మహబూబ్‌నగర్ వైపు నుంచి పనులకు వలస వెళ్లిన కుటుంబాలైతే పిల్ల పుట్టినప్పటి నుంచి నాలుగేళ్ల వరకు ఏ ఊళ్లో ఉన్నదో కూడా రాయండి. ముందువైపు శాశ్వత పళ్లకు మచ్చ పడేది పిల్లలకు మొదటి మూడేళ్లలోనే ఎక్కువ. ఎనిమిదేళ్లు దాటితే జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్ల పైపొర తయారీ ముగిసినట్టే. ఆ తర్వాత పళ్లకు కొత్తగా ఫ్లోరిన్ మచ్చలు వస్తాయని బెంగ అక్కర్లేదు.

ఇప్పుడు తాగుతున్నది బోరు నీళ్లే అయితే గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకొంచెం చిక్కబడుతుంది. ఆర్‌వో యంత్రం తీసేస్తుంది. తాగడానికి మంచి నీళ్లు తెచ్చుకుని అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతో వండే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ దారిన వచ్చేదీ లెక్కలోకి వస్తుంది.

3. తీపిని తులాల్లో కాకుండా సార్లలో లెక్కపెట్టండి

పళ్లలో పురుగు ఉంటుందని, చెవిలో పసరు పోస్తే రాలుతుందని మా నానమ్మ నమ్మేది. పురుగు లేదు. నోట్లో ఉండే సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లం వదులుతాయి, ఆ ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తుంది. తిన్న తర్వాత అరగంటకు పైగా ఆ దాడి సాగి, ఆపైన లాలాజలం మెల్లగా మరమ్మతు చేస్తుంది. ఆ మరమ్మతుకు తీరిక దొరకాలి. దసరాకు బతుకమ్మ దగ్గర మలీద ముద్దలు నాలుగు ఒకేసారి తిన్న పిల్ల పళ్లకు జరిగే నష్టం కంటే, ఒక చాక్లెట్‌ను సాయంత్రమంతా చప్పరించిన పిల్ల పళ్లకు జరిగేది ఎక్కువ.

మూడు రోజులు గోడ మీది క్యాలెండర్‌లో గీతలు పెట్టండి. చక్కెర వేసిన పాలు ఒక గీత, చాయ్‌లో ముంచిన బిస్కెట్టు ఒక గీత, కిరాణం కొట్టు నుంచి తెచ్చుకున్న ఐదు రూపాయల పొట్లం ఒక గీత, దగ్గు సిరప్పు ఒక గీత. మా ఇంట్లో మొదటి రోజు తొమ్మిది వచ్చాయి. అందులో నాలుగు నేనే ఇచ్చినవి. బెల్లం మంచిదే కదా అని పల్లీపట్టీ ఇస్తుంటాం. పళ్ల విషయంలో బెల్లానికి మినహాయింపు లేదు, పైగా పాకం సందుల్లో అతుక్కుంటుంది. తీపి ఏదైనా భోజనంతో కలిపి పెట్టి, భోజనాల మధ్య గీతలను రోజుకు ఒకటి రెండుకు దించడం లక్ష్యంగా పెట్టుకోండి. రాత్రి పళ్లు తోమాక నీళ్లు తప్ప ఏదీ వద్దు. ఈ పని చేయకుండా క్లినిక్‌లో ఎన్ని పూతలు వేయించినా అది కారే కప్పు కింద గోడకు సున్నం వేయడమే.

4. పేస్టు ట్యూబు వెనక చదవండి

పిల్లల బొమ్మలతో, పండ్ల రుచులతో వచ్చే పేస్టుల్లో కొన్నింటిలో ఫ్లోరైడ్ అసలు ఉండదు, కొన్నింటిలో సగమే ఉంటుంది. పుచ్చు వచ్చే పిల్లలకు ఫ్లోరైడ్ 1,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) ఉన్న మామూలు పేస్టు పనికొస్తుంది. కిటుకు పరిమాణంలో ఉంది. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత. ప్రకటనల్లో బ్రష్షు మీద అలలా పరిచి చూపించేది పేస్టు త్వరగా అమ్ముడుపోవడానికే. మీ నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 దాటి ఉండి, పిల్లకు ఇంకా ఉమ్మడం రాకపోతే, పేస్టు సంగతి డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి. ఈలోగా నీళ్లు మార్చండి. మింగే ఫ్లోరైడ్‌లో పెద్ద వాటా అక్కడిదే.

ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లల పళ్లు మీరే తోమాలి. వెనక నిలబడి, తల మీ పొట్టకు ఆనించుకుని తోమితే సులువు. అయ్యాక ఉమ్మించండి, గ్లాసెడు నీళ్లతో పుక్కిలించనివ్వకండి. పన్ను మీద మిగిలిన పల్చని పొరే రాత్రంతా పని చేస్తుంది. వేపపుల్ల గార తీస్తుంది గానీ ఫ్లోరైడ్ పేస్టు చేసే పని చేయదు.

ఫ్లోరైడ్ మాత్రలు, చుక్కల మందులు ఎవరైనా చెబితే ఈ ప్రాంతంలో నీటి పరీక్ష కాగితం చేతికి రాకుండా ముట్టుకోవద్దు.

5. ఇప్పుడు డాక్టరు దగ్గరికి, పన్ను పన్నుకు విడిగా మాట్లాడండి

పిల్లల పళ్ల నిపుణులు దొరికితే మేలు. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో దంత వైద్య కళాశాలలు ఉన్నాయి, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఉంది. కళాశాలల్లో ప్రత్యేకంగా పిల్లల విభాగం ఉంటుంది. అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చూస్తారు కాబట్టి సమయం ఎక్కువ పడుతుంది, ఖర్చు సాధారణంగా తగ్గుతుంది.

మూడేళ్లలోపు పిల్లలను కుర్చీలో కూర్చోబెట్టక్కర్లేదు. మీరూ డాక్టరూ మోకాళ్లు తగిలేలా ఎదురెదురుగా కూర్చుని, పిల్ల తల డాక్టరు ఒళ్లో, కాళ్లు మీ నడుముకు ఇరువైపులా ఉండేలా పడుకోబెడతారు. ఏడిస్తే కంగారు పడకండి. నోరు తెరుచుకుంటుంది, పళ్లన్నీ కనిపిస్తాయి.

కాగితం మీద పనుల పేర్లుంటే ప్రతి పనికి ఎదురుగా ఏ పన్నుకు, ఎందుకు, ఇప్పుడు చేయకపోతే ఏమవుతుంది అనే మూడు మాటలు రాయించుకోండి. మొత్తం ప్యాకేజీ ధర అడగకండి, పంటికింత అని అడగండి. ఎక్కువగా కనిపించే పనులు నాలుగు.

ఫ్లోరైడ్ వార్నిష్. లేతపసుపు జిగురులాంటి పూత. బ్రష్షుతో రాస్తే లాలాజలం తగిలి పన్నుకు అంటుకుంటుంది. ఒకటి రెండు నిమిషాల పని. మొదట చెప్పిన సుద్దచారలకు ఇది సరిగ్గా సరిపోతుంది. పుచ్చు ఎక్కువగా వచ్చే పిల్లలకు మూడు నెలలకు ఒకసారి, మిగతావారికి ఆరు నెలలకు ఒకసారి వేస్తారు. మాకు భయం వేసింది ఇక్కడే. పొట్లం మీద 22,600 పీపీఎం అని ఉంటుంది. అంకె చూసి నేను గడప దాకా వెళ్లిపోయాను. తర్వాత లెక్క వేసుకున్నాను. పాలపళ్లన్నింటికీ పట్టే పూత పావు మిల్లీలీటరు. అందులో ఫ్లోరైడ్ ఐదున్నర మిల్లీగ్రాముల చిల్లర, అదీ కొన్ని నెలలకు ఒకసారి. లీటరుకు 5 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు లీటరు తాగిన పిల్ల ఒంట్లోకి దాదాపు అంతా ప్రతిరోజూ వెళుతుంది. ఎముకలను వంచినది ఏళ్ల తరబడి రోజూ తాగిన నీళ్లు. వార్నిష్‌ను దాని పక్కన నిలబెట్టి చూశాక నా భయం తగ్గింది. ఆరేళ్లలోపు పిల్లలకు నోట్లో ట్రే పెట్టి వేసే ఫ్లోరైడ్ జెల్ మాత్రం వద్దనండి, మింగేస్తారు. పూతలో వాడే పైన్ చెట్టు జిగురు పడని పిల్లలు, ఆస్పత్రిలో చేరేంత ఉబ్బసం వచ్చిన పిల్లల సంగతి ముందే చెప్పండి. వేసిన రోజు గట్టివి, వేడివి పెట్టకండి, రాత్రి పళ్లు తోమకండి.

సీలెంట్. నా లెక్కలో పెట్టిన ప్రతి రూపాయికి ఎక్కువ ఫలం ఇచ్చేది ఇదే. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండా, నాలుగు పెద్ద దవడపళ్లు చప్పుడు లేకుండా వస్తాయి. చాలామంది వాటినీ పాలపళ్లే అనుకుంటారు. అవి జీవితాంతం ఉండాల్సినవి. వాటి నమిలే గాడులు బ్రష్షు కుచ్చు కంటే సన్నగా ఉంటాయి. ఆ గాడులను రెసిన్ అనే పల్చని ప్లాస్టిక్‌లాంటి పదార్థంతో పూడ్చేస్తారు. సూది లేదు, డ్రిల్లు లేదు, పంటికి కొద్ది నిమిషాలు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే లెక్క ప్రకారం మొదటి రెండేళ్లలో వెనకపళ్ల పుచ్చుల్లో 80 శాతాన్ని ఇది ఆపుతుంది. పన్ను పూర్తిగా బయటికి వచ్చి, పొడిగా ఉంచగలిగితే రెసిన్. సగమే వచ్చి, చిగురు ఇంకా కప్పి ఉంటే, అప్పటిమటుకు గ్లాస్ అయనోమర్ అనే పళ్ల సిమెంటు వేసి తర్వాత మార్చవచ్చు. ఫ్లోరిన్ మచ్చలున్న పన్నుకు రెసిన్ సరిగ్గా పట్టకపోవచ్చు. ఆ సంగతి మీరే గుర్తు చేయండి. పళ్ల సందులను సీలెంట్ కాపాడదు.

నల్లపూత. అసలు పేరు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్. గుంట పడిన పాలపన్ను మీద ఒక చుక్క రాస్తే పుచ్చు అక్కడే ఆగి గట్టిపడుతుంది. డ్రిల్లు పెట్టనివ్వని చిన్నపిల్లలకు వరం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఒక్కటే చిక్కు. పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పన్ను నల్లబడదు. దవడపళ్లకు నేను సందేహించలేదు. ముందుపళ్ల దగ్గర ఆగాను. మా అత్తమ్మ "ఆడపిల్ల, బడిలో నవ్వితే నల్లగా కనిపిస్తే ఏడిపిస్తారు" అంది. ఆమె మాటను కొట్టిపారేయలేదు. ఊడడానికి ఏడాదే మిగిలిన ముందుపళ్లు కాబట్టి వార్నిష్‌తో నెట్టుకొచ్చాం. మీ పిల్లకు మూడేళ్లే అయితే లెక్క మారుతుంది. మత్తు ఇచ్చి చేసే పని తప్పుతుందంటే కొన్నేళ్ల నలుపు చిన్న ధర. మొదటిసారి రాశాక మళ్లీ చూపించి, సాధారణంగా ఆరు నెలలకు ఒకసారి తిరిగి రాయించాలి. వెండి పడని పిల్లలకు, రాత్రి నొప్పి పెట్టే పన్నుకు ఇది పనికిరాదు.

స్టీలు తొడుగు. రెండు మూడు వైపుల పుచ్చిన పాల దవడపన్నుకు. పన్నును అరగదీయకుండా, సూది వేయకుండా తొడుగు అమర్చే హాల్ పద్ధతి కూడా ఉంది, మీ పిల్లకు కుదురుతుందా అని అడగండి. "పాలపళ్లే కదా, ఊడేవే" అనే మాట ఇక్కడే వినిపిస్తుంది. పాల దవడపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఊడవు. ఐదేళ్లకే పీకేస్తే పక్కపళ్లు ఆ జాగాలోకి ఒరిగి, చిగురు లోపలి నుంచి రావాల్సిన శాశ్వత పన్నుకు దారి మూసేస్తాయి. ఆపైన క్లిప్పుల ఖర్చు.

పాల ప్రొటీన్‌తో చేసిన ఖరీదైన క్రీములు కొనమని రాసిస్తే, ఫ్లోరైడ్ పేస్టు కంటే ఇది ఎందులో మెరుగో చెప్పమని అడగండి. ఫ్లోరిన్ మచ్చలను తెల్లగా చేసే పనులు పిల్లలకు ఇప్పుడే వద్దు. పుచ్చు ఆగాక, పెద్దయ్యాక చూసుకోవచ్చు.

6. అన్నింటికీ డబ్బు చాలకపోతే

ఒకేసారి చేయించాలన్న నియమం లేదు. నేను పెట్టుకున్న వరుస ఇది. నొప్పి పెట్టేది ముందు. తర్వాత కొత్తగా వచ్చిన ఆరేళ్ల దవడపళ్లకు సీలెంట్, ఎందుకంటే ఆ అవకాశం నెలల్లో చేజారుతుంది. గుంటలు పడిన పాలపళ్లకు నల్లపూత, ఇది చవకలో అయిపోతుంది. ఆపైన వార్నిష్. తొడుగులు చివర, ఒక్కొక్కటిగా. పేస్టు, నీళ్లు, గీతల లెక్క ఈ వరుసలో లేవు, అవి ఆ రోజు నుంచే మొదలు కావాలి. పుచ్చు లేని అన్నకు మాత్రం చెల్లికి రాసినవన్నీ చేయించకండి. వాడికి మంచి పేస్టు, సీలెంట్ సరిపోవచ్చు.

7. తిరిగి చూపించే తేదీ ముందే రాసుకోండి

గత ఏడాదిలో కొత్తగా ఒక పన్ను పుచ్చినా మూడు నెలలకు ఒకసారి చూపించాలి. ఏడాదంతా కొత్త పుచ్చు రాకపోతే ఆరు నెలలకు మార్చమని మీరే అడగవచ్చు. వెళ్లిన ప్రతిసారీ సీలెంట్ అంచులు చూడమనండి. ఎక్కడైనా ముక్క ఊడితే ఆ మేరకు మళ్లీ వేస్తారు. సీలెంట్ సగం ఊడినా పన్ను కాపుదలలో ఉందనుకుని మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

పన్నెండేళ్ల దగ్గర ఇంకో నాలుగు దవడపళ్లు వస్తాయి, వాటికీ ఇవే లోతైన గాడులు. అప్పటికి పిల్ల హైస్కూల్లో ఉంటుంది, పెదవి ఎత్తి చూడనివ్వదు. మా చిన్నదానికి ఆ ఏడు 2031లో వస్తుంది. దాని టీకాల కార్డు వెనక రాసి పెట్టాను.